ప్రియకు లేని ఎంజైము

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై ఏళ్లు దాటాక అక్షరాలు దిద్దాను. ఈ ఒక్క కాగితానికే నాలుగు రోజులు పట్టింది.

ఆర్మూరు మార్కెట్లో పసుపు కొమ్ములు ఏరే కూలిపని నాది. భర్త పోయాక నాకు మంగ ఒక్కతే కూతురు. కళ్ల ముందే ఉంటుందని నా తమ్ముడు సురేశ్‌కే దాన్ని ఇవ్వాలనుకున్నాను.

"చంకనేసుకొని తిప్పిన మామను గెట్ల జేసుకుంటనే అవ్వా? నాతోని గాదు," అంది మంగ.

రెండు రోజులు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు నేను. మూడో రోజు అది తలవంచింది.

మొదటి పిల్లాడు ఒళ్లు పచ్చబడి, తలలో రక్తం కారి, మూడో నెలలో పోయాడు. బాలింతకు పాలు పడాలని రోజూ మేక కాళ్ల పాయ చేసి పెట్టాను. అదే చంటివాడికి చేటైందేమోనని లోలోపల కుమిలాను. ఎవరికీ చెప్పలేదు.

తర్వాత పుట్టిన ప్రియకూ నెల తిరగకముందే కళ్లు పచ్చబడ్డాయి. హైదరాబాదు తీసుకెళ్లాం. పరీక్షలన్నీ వచ్చాక డాక్టరమ్మ రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి చూపించింది.

"కొన్ని కొవ్వులు ఒంట్లో రెండు రూపాల్లో ఉంటాయమ్మా, మనిషీ అద్దంలో బొమ్మా లాగా. లివర్ ఒక రూపాన్నే అరిగించగలదు. రెండోదాన్ని తిప్పి మొదటిదిగా మార్చడానికి ఒక ఎంజైము ఉండాలి. మీ పాపకు అది పనిచెయ్యదు. తిరగనిదంతా పేరుకుపోతోంది."

"నేను పెట్టిన పాయతోని అయిందా మేడం?" తెగించి అడిగాను.

"కాదమ్మా. ఇది పుట్టుకతో వచ్చింది."

నాకు ఊపిరాడింది. వెంటనే ఆమె, "తల్లీ తండ్రీ దగ్గరి చుట్టాలా?" అంది.

సురేశ్ నేల చూశాడు. మంగ నన్నే చూసింది.

"మా అవ్వ తమ్ముడే మేడం. వద్దంటే యినకుంట గీమెనే జేసింది."

"ఒకే కుటుంబం కాబట్టి ఆ లోపం ఇద్దరిలోనూ దాగి ఉంది. ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డకు జబ్బు," అంది డాక్టరమ్మ మెల్లగా.

ప్రియ బతికింది. రోజూ మందులు. నెయ్యి, వెన్న, మేక మాంసం జన్మలో ముట్టకూడదు. ఇంక పిల్లలు వద్దని మంగ ఆపరేషన్ చేయించుకుంది. నన్ను వేరే ఉండమంది. బాల్కొండలో గది తీసుకున్నాను. డాక్టరమ్మ రాసిచ్చిన పథ్యం కాగితం చదవాలని పక్కింటి లస్మవ్వ కోడలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను.

మొన్న మక్క గారెలు చేసి ఆర్మూరు తీసుకెళ్లాను.

"పల్లినూనెలనే గాల్చిన బిడ్డా. కాయితం నేనే సదివిన."

"ఓహో, సదువు నేర్సినవా?" అంది మంగ. "నోటితోని జెప్తెనే యినకపోతివి గదనే అవ్వా."

ప్రియ గారెల కోసం చెయ్యి చాపింది. మంగ ఆ చేతిని వెనక్కి తీసి, పిల్లను ఎత్తుకుని లోపలికి పోయింది.

డబ్బా పట్టుకుని బస్సెక్కాను.

ఆశమ్మ, 52 ఏళ్లు, ఇప్పుడుండేది బాల్కొండ.