పల్లాలమ్మ పేరు మీది కార్డు

నేను ఒక ఆరోగ్య కార్డును. అరచేతిలో ఇమిడిపోయేంత ఉంటాను. నా కథ సంచి సర్దిన ఉదయం నుంచి చెప్పాలి. అంతకుముందు నన్ను బియ్యం డబ్బా కింద పెట్టి మరచిపోయారు.

పల్లాలమ్మ సంచి సర్దుతోంది. నేత చీరలు, తువ్వాలు, స్టీలు గ్లాసు, విభూతి పొట్లం. ఆమె చెల్లెలు నూకరత్నం మంచం మీద కూర్చుని ఆయాసపడుతూనే ఒక్కొక్కటీ బయటికి తీసేస్తోంది. కొత్త చీర దండగని చెల్లెలు. ఆపరేషనయ్యాక ఇంటికొచ్చే రోజున కట్టుకోవాలని అక్క. చీర సంచిలోకి వెళ్ళింది, బయటికొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. నన్ను మాత్రం సంచిలో పెట్టలేదు. ప్లాస్టిక్ కవరులో చుట్టి, చెల్లెలి జాకెట్టులో దోపి, పైన పిన్నీసు గుచ్చింది పల్లాలమ్మ.

"ఇక్కణ్ణించి నువ్వే పల్లాలమ్మవి. ఎవరడిగినా అదే సెప్పు," అంది.

"మరి నువ్వెవరివే?"

"నేను నువ్వు."

నూకరత్నం ఆయాసంలోనే నవ్వింది. "అయితే ఇయ్యాల్నించి గేదె పేడ నువ్వెత్తాల మరి."

ఒక మనిషి ఇంకో మనిషిగా ఎందుకు మారవలసి వచ్చిందో చెప్పాలంటే నా పుట్టుక చెప్పాలి. నన్ను చూసి సర్కారు వారి దయ అనుకునేరు. ఒకరు చస్తేగాని నేను పుట్టలేదు.

ఆ చచ్చినవాడు పల్లాలమ్మ మొగుడు చిట్టబ్బాయి. గోదావరి కాలవ లాకుల దగ్గర లస్కరు, సర్కారు ఉద్యోగి. తలుపులు ఎప్పుడెత్తాలో, నీళ్ళు ఏ చేలకి పోవాలో బాగా తెలిసినవాడు. పిల్లలు లేరని, పల్లాలమ్మే తన చెల్లెలిని తెచ్చి అతనికిచ్చి చేసింది. చెల్లెలికీ పిల్లలు కలగలేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ గొడ్రాళ్ళేనని ఊరు తేల్చింది. లోపం మూడో మనిషిలో ఉండొచ్చని ఆ ఊళ్ళో ఒక్క బుర్రకీ తట్టలేదు. పిల్లలు లేని ఆ ముగ్గురూ ఒకే పొయ్యి మీద వండుకుని ముసలివాళ్ళయ్యారు.

చిట్టబ్బాయి కార్డులో భార్య అన్న చోట పల్లాలమ్మ పేరుంది. సర్కారు లెక్కలో మగవాడికి ఒకతే భార్య. మంచి నియమమే. కాకపోతే అది పెళ్ళి పందిట్లో ఎవరికీ గుర్తుకు రాదు, ఆస్పత్రి గుమ్మంలో గుర్తుకొస్తుంది.

అతను పోయిన పదోనాడు కాలవ గట్టు మీద ఇద్దరి గాజులూ పగలగొట్టారు. ఇద్దరి బొట్టూ తుడిచారు. ఆ పని చేసేటప్పుడు రెండో పెళ్ళి చెల్లదని ఎవరూ అడ్డుపడలేదు. గాజుల దగ్గర చెల్లిన పెళ్ళి కార్డు దగ్గర చెల్లలేదు.

పెళ్ళయినా, మొగుడు పోయినా, ఇల్లు మారినా కార్డు మార్పించుకోవాలట. ఏడుపు ఆరకముందే ఆ పని మీద తిరగాలి. పల్లాలమ్మ తిరిగింది. భార్య అన్న పదం కొట్టేసి, కుటుంబ పింఛనుదారు అని రాసి, నన్ను తయారు చేశారు. నెట్ సెంటరులో లామినేషను యంత్రంలోంచి వేడివేడి అప్పడంలా బయటపడ్డాను.

నూకరత్నం పేరు పుట్టింట్లో ఆమె అన్న బియ్యం కార్డులో ఉండేది. రోగమొస్తే దానితోనే వైద్యం. అన్న కూడా పోయాక, ఆ కార్డు మార్చేటప్పుడు ఆమె పేరు తీసేశారు. పింఛను వచ్చే ఇంట్లో ఉంటోంది కాబట్టి పేదది కాదన్నారు. సరే, పింఛను కార్డులో చేర్చమని వెళితే, పింఛనుదారుకి చెల్లెలు కుటుంబం కిందికి రాదన్నారు. ఆ ఇంటి మనిషని ఒక ఆఫీసు తీసేసింది. ఆ ఇంటి మనిషి కాదని ఇంకో ఆఫీసు చేర్చుకోలేదు. రెండు ఆఫీసులూ ఎదురెదురు గదుల్లోనే ఉన్నాయి. ఆ గుమాస్తాలు కలిసే టీ తాగుతారు.

ఇంతలో నూకరత్నానికి గుండెలో కవాటం చెడింది. ఆపరేషను చెయ్యకపోతే బతకదన్నారు. అప్పుడు పల్లాలమ్మ నన్ను బియ్యం డబ్బా కిందినుంచి తీసి, నా మీది ఫొటోని వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది. బొట్టు లేదు, నగ లేదు, నెరిసిన జుట్టు వెనక్కి దువ్వి ఉంది. అలాంటి ఫొటో ఏ విధవరాలిదైనా కావచ్చు. ముందు గుర్తుపట్టడానికి ఏమీ మిగల్చకుండా చేసి, తరవాత గుర్తింపు అడగడం మనుషులకే చెల్లింది.

పట్నం ఆస్పత్రిలో డెస్కు దగ్గరి అమ్మాయి నన్నూ నూకరత్నాన్నీ ఒకసారి చూసింది. వేలిముద్ర యంత్రం మీద వేలు పెట్టించింది. పడలేదు. పనిచేసి అరిగిన వేళ్ళు ఏ యంత్రానికీ ఆనవు. వేలికి బదులు పల్లాలమ్మ ఫోనుకి నంబరొచ్చింది, ఆ అమ్మాయి అది చదివించుకుంది, అయిపోయింది. నేను అబద్ధమాడానని మీరు అనొచ్చు. నన్ను అడిగిందెవరు?

ఇక వార్డులో తమాషా మొదలైంది. అందరి ముందూ అక్క చెల్లెలిని "అక్కా" అని పిలవాలి. ఆ పిలుపు పల్లాలమ్మ నోట్లో వేడి గంజిలా తిరిగేది. నూకరత్నానికి మాత్రం పండగ. జీవితమంతా వెనకాల నడిచిన మనిషి, మంచమెక్కి పెద్దరికం చేసింది. చెల్లెల్ని ఎంత బాగా చూసుకున్నానోనని పక్క మంచాల వాళ్ళకి చెప్పుకుంది.

"ఒసే రత్నం, కాళ్ళు పట్టవే. పెద్దదాన్ని కదా, నొప్పులు."

"అలాగే అక్కా," అని పళ్ళు కొరికింది పల్లాలమ్మ. దుప్పటి కింద గట్టిగా గిల్లింది.

"సూశారా అమ్మా, మా సెల్లికి నేనంటే పేణం," అంది నూకరత్నం పక్క మంచం ఆవిడతో.

ఆపరేషను బాగానే జరిగిందన్నారు. తరవాత జ్వరం పట్టుకుంది. డాక్టర్లు మందులు మార్చి చూశారు, దిగలేదు. ఒక సాయంత్రం నూకరత్నం అక్క చెయ్యి పట్టుకుంది. ఆటలాడే ఓపిక లేదు.

"అక్కా అనకే ఇంక. నా పేరెట్టి ఒకసారి పిలువు."

సెలైను మారుస్తూ నర్సు అక్కడే నిలబడి ఉంది. పల్లాలమ్మ నర్సు వంక చూసింది, నా వంక చూసింది.

"ఊరుకో అక్కా," అంది.

నూకరత్నం మళ్ళీ అడగలేదు.

శవాన్ని అప్పగించేటప్పుడు పల్లాలమ్మగారికి మీరేమవుతారని అడిగారు. చెల్లెలినని చెప్పి పల్లాలమ్మ వేలిముద్ర వేసింది. ఆ వేలు కాగితం మీద చక్కగా పడింది. కాలవ గట్టున కాలింది నూకరత్నమని ఊరందరికీ తెలుసు. కాగితం మీద మాత్రం పల్లాలమ్మ చచ్చిపోయింది. ఆస్పత్రి కబురు ఆఫీసుకి చేరింది. బతికున్నవాళ్ళ సంగతి వినడానికి ఏళ్ళు తీసుకునే ఆఫీసు, చచ్చినవాళ్ళ సంగతి వెంటనే విని పింఛను ఆపేసింది.

ఊరి పెద్దలు సలహాలు పట్టుకుని వచ్చారు. ఆపరేషనప్పుడు గుమ్మం తొక్కనివాళ్ళే వీళ్ళు. నోరు మూసుకొమ్మన్నారు, ఆస్పత్రివాళ్ళు పేరు తప్పు రాశారని చెప్పమన్నారు. ఆగిన పింఛను కోసం వెళితే జిల్లా ఆఫీసు సూపరింటెండెంటు కూడా, మంచివాడే పాపం, అదే దారి చూపించాడు. కుర్చీ వేయించి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"పొరపాటున మీరు చనిపోయినట్టు పడిందని రాసుకుంటాను. మీరు బతికే ఉన్నారు, అంతే. పింఛనూ వస్తుంది, కార్డూ ఉంటుంది. ఇంకేం చెప్పకండి."

ఆ మాట విని నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. పల్లాలమ్మకి కంట్లో పొరలున్నాయి, రక్తపోటుంది. రేపు ఆమె పడిపోతే ఆస్పత్రి తలుపు తీయించేది నేనొక్కదాన్నే. ఆమెకి నేను కావాలి. ఇంత చిన్న సంగతి తెలుసుకోలేని మూర్ఖురాలు కాదనుకున్నాను.

"మరి అది?" అంది పల్లాలమ్మ.

"ఏది?"

"మా సెల్లండి. నేను బతికున్నానని రాస్తే, ఇంక ఎవురూ సావనట్టేగదండి."

సూపరింటెండెంటు కలం కింద పెట్టాడు.

"బతికుండగా దాన్నే కార్డులోనూ ఉండనివ్వలేదండి. సచ్చాకైనా దాని పేరొక సోట ఉండాల. సచ్చిపోయింది నూకరత్నం. కార్డు నాది, ఇచ్చింది నేను. అలాగే రాయండి బాబుగారూ."

అలా రాస్తే కార్డు రద్దవుతుందని, మళ్ళీ ఇస్తారన్న ఆశ లేదని, కేసు కూడా పెట్టొచ్చని ఆయన విడమరిచి చెప్పాడు. ఆలోచించుకుని మళ్ళీ రమ్మన్నాడు.

"ఆస్పత్రిలో పేరెట్టి పిలవమందండి. పిలవలేదు," అంది పల్లాలమ్మ. "మీరు రాయండి. నేనిక్కడే కూకుంటాను."

ఆయన రాశాడు. నాలుగు అక్షరాల పేరు రాయడానికి అంతమంది ఆఫీసర్లు పుట్టాలా అని నాకు నవ్వొచ్చింది. చదివి వినిపించమంది పల్లాలమ్మ. రెండోసారి కూడా చదివించుకుంది. తరవాత కవరులోంచి నన్ను తీసి బల్ల మీద పెట్టి, నా వైపు ఒక్కసారైనా చూడకుండా లేచి వెళ్ళిపోయింది. నన్ను చూసి బెంగపడేవాళ్ళనీ, మొక్కేవాళ్ళనీ చూశాను. ఎంగిలి విస్తరిలా వదిలేసి వెళ్ళిన మనిషి ఆమె ఒక్కతే.

అటెండరు కత్తెరతో నా మూల కోసి రేకు డబ్బాలో పడేశాడు. ఇక్కడ నాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. మొగుడు పోతే చెల్లనివి, కొడుకు వేరుపడితే చెల్లనివి, ఇల్లు మారితే చెల్లనివి. మనుషులకి ఏం జరిగినా ముందు చెల్లకుండా పోయేది మేమే. అయినా వాళ్ళు మమ్మల్నే నమ్ముకుంటారు. పక్కనున్న మనిషిని నమ్మరు.

పల్లాలమ్మ లాకుల దగ్గరి ఇంట్లో ఉంటోందట. పింఛను వస్తోంది. కళ్ళు ఇంకా చూపించుకోలేదు.

నూకరత్నం పట్నం ఆస్పత్రి నుంచి ప్రాణంతో తిరిగి రాలేదు. కార్తీక బహుళ దశమి, శనివారం పొద్దున పోయింది.