నాలుగు చూరుల నీళ్ళు

వాన.

నాలుగు చూరుల మీంచి ఒకే చోటికి దిగుతోంది. సన్నగా. తొందర లేకుండా. నల్లటి రాతి మీద.

ఇంటి నడుమ ఆకాశానికి వదిలేసిన ఆ చదరం అంచున నిలబడి, లోహిత వింటోంది.

ఆమె గీసిన వాన అది.

చైనావాళ్ళు దీన్ని ఆకాశపు బావి అంటారు. షాంఘైలో ఆర్కిటెక్చర్ చదివే రోజుల్లో, కొండల మధ్య ఒక పాత ఊళ్ళో, మొదటిసారి చూసింది. నాలుగు కప్పులూ లోపలికే వాలి ఉన్నాయి. ఆ ఇంటి ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని చూరు కిందికి లాగింది. నీళ్ళు ఇంట్లోకి రావాలి, అంది. వచ్చిన నీళ్ళు వెంటనే పోకూడదు. మెలికలు తిరిగి, నెమ్మదిగా, చెప్పి మరీ వెళ్ళాలి.

రాతి కింద కాలువలో ఒక తాబేలు ఉందట. అది అటూ ఇటూ తిరుగుతుంటే మట్టి పేరుకోదట.

లోహిత నవ్వలేదు.

తాబేలుకి కూడా చోటున్న ఇల్లు... అలాంటిది ఒక్కటి కట్టాలి. ఒక్కటి చాలు.

చదువయ్యాక ఉద్యోగానికి డబ్లిన్ వచ్చింది. ఉక్కు, గాజు, కాంక్రీటు. వాటి మధ్య ఎక్కడో ఒకచోట చైనా. పళ్ళ డాక్టరు క్లినిక్‌లో చంద్రుడిలాంటి గుండ్రటి ద్వారం. ఒక ఆఫీసులో, తలుపు తీయగానే లోపలంతా కనబడకుండా నిలిచే అడ్డుగోడ. తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు — "మళ్ళీ చైనీస్ రెస్టారెంటా, లోహితా?"

ఆకాశపు బావిని మాత్రం ఎవరూ కట్టనివ్వలేదు.

డెక్లన్ కట్టనిచ్చాడు.

బిల్డరు. డబ్లిన్‌కి దగ్గర్లో, నేవన్ అనే ఊరి శివార్లలో భూమి ఉంది. ప్లాను చూసి చాలాసేపు మెడ గోక్కున్నాడు.

"ఐర్లండ్‌లో బయట కురిసే వాన చాలట్లేదా? ఇంట్లోకి కూడా పిలవాలా?"

"పిలిచి కూర్చోబెడదాం," అంది.

"గ్రాండ్," అన్నాడు డెక్లన్. ఇక్కడివాళ్ళకు సరే అన్నా, బాగానే ఉంది అన్నా అదే మాట. అంతే.

ప్లానులో వీధి నిండా అలాంటి ఇళ్ళు. ప్రతి ఇంటి నీళ్ళూ రాతి కింద కాలువల్లో తిరిగి తిరిగి, వీధి చివర చెరువులో కలవాలి. చెరువు చుట్టూ వెదురు. ఇళ్ళన్నీ అయ్యాక, ఆఖర్న చెరువు తవ్వుదాం అనుకున్నారు.

మొదటి ఇల్లు పూర్తయింది. రేవంత్, సాహితి కొన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, గుడివాడ దగ్గరివాళ్ళు. సాహితి గడప దాటి, తలెత్తి, ఒక్క అరుపు అరిచింది.

"ఇది మన మండువాయే కదా ఆంటీ!"

ఇన్నేళ్ళలో ఎవరూ అలా అరవలేదు.

ఆ తర్వాత బ్యాంకులు కూలాయి.

ఒక శుక్రవారం పనివాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళారు. సోమవారం రాలేదు. మిగతా ఇళ్ళు పునాదుల దగ్గరే ఆగాయి. పునాదుల్లో గడ్డి మొలిచింది. లోహిత ఆఫీసు మూతపడింది. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో ఒకరు పెర్త్ వెళ్ళారు, ఒకరు టొరంటో.

చెరువు తవ్వలేదు.

కాలువ వీధి చివర మట్టిగోడకు కొట్టుకుని ఆగింది. నీళ్ళు వస్తున్నాయి. పోవడం లేదు. ఆ భూమి ఇప్పుడు బ్యాంకుది. ఒక్క గుంట తవ్వుకోనివ్వండి అని లోహిత బ్యాంకును అడిగింది. మళ్ళీ అడిగింది. జవాబు లేదు.

ఇక్కడి వాన చైనా వాన కాదు. అక్కడ కురిసి వెళ్ళిపోతుంది. వెనకే ఎండొచ్చి రాయిని ఆరబెడుతుంది. ఇక్కడ వాన కాపురం పెడుతుంది. చలికాలపు ఎండ కప్పు మీంచే అటు దాటిపోతుంది, కిందికి దిగదు.

లోహితకు తెలియక కాదు.

చెరువుంటుంది కదా, అనుకుంది.

మొదటి చలికాలం రేవంత్ జోకులు వేశాడు. "మీరు గీసిన ఇంట్లో పెరుగు తోడుకోదండీ ఆంటీ. మూడోరోజుకి కూడా పాలు పాలలాగే ఉంటున్నాయి." రెండో చలికాలం వేయలేదు. గోడల మీద నల్లటి బూజు పాకింది. అప్పుడే బడిలో వేసిన కూతురు మృదులకు దగ్గు పట్టుకుంది.

నిన్న సాహితి ఫోన్ చేసింది.

"ఏమనుకోకండి ఆంటీ... పాపకి ఇన్‌హేలర్ ఇచ్చారు. ఇల్లన్నా మారండి, ఈ చెమ్మన్నా ఆపండి అంటున్నాడు డాక్టరు. మారదామంటే, సగంలో ఆగిన ఈ కాలనీలో ఇల్లు ఎవరు కొంటారండీ? పైన కప్పేద్దాం అనుకుంటున్నాం. డెక్లన్ షీట్లు తెస్తానన్నాడు. మీరు ఊఁ అంటేనే."

మీరు ఊఁ అంటేనే.

అడగక్కర్లేదు. వాళ్ళ ఇల్లు వాళ్ళది. అయినా, ఇల్లు గీసినామెను అడగకుండా ఆ ఇంటికి స్క్రూ బిగించడానికి వాళ్ళకు చేతులు రాలేదు.

అందుకే వచ్చింది.

అందుకే ఈ అంచున నిలబడి వింటోంది. వద్దు అంటే ఆగిపోతారు. ఆమెకు తెలుసు. ఆమె కట్టిన ఆకాశపు బావి ఇదొక్కటే. ఇంకొకటి కట్టే రోజు రాదు. అదీ తెలుసు.

మృదుల వచ్చి పక్కన నిలబడింది. దగ్గింది. ఒంగిపోయి దగ్గింది. చిన్న వీపు మీద ఎముకలు లేచి పడ్డాయి.

"నొప్పిగా ఉందా కన్నా?"

"ఇట్స్ గ్రాండ్, ఆంటీ."

మళ్ళీ దగ్గింది.

లోహిత వంటింటి వైపు చూసింది. సాహితి గుమ్మంలో ఉంది.

"ఊఁ," అంది లోహిత.

డెక్లన్ నిచ్చెన ఎక్కాడు. కూలీలు లేరు, తానొక్కడే. రేవంత్ షీట్లు అందిస్తున్నాడు. లోహిత నిచ్చెన పట్టుకుంది.

ఆకాశం సగమైంది.

పావు అయింది.

ఒక గీత అయింది... అక్కడ డెక్లన్ ఆగాడు. కిందికి చూశాడు.

"ఆపమంటే ఇప్పుడైనా ఆపేస్తాను."

ఆమె మొహం మీద ఆఖరి చినుకులు. తుడుచుకోలేదు.

"వాలు సరిచూడు డెక్లన్. కొంచెం ఎత్తు... ఇంకొంచెం. నీళ్ళు బయటికి పోవాలి."

ఆమె ఆఖరి డిజైన్ అది.

గీత మూసుకుంది. వాన షీట్ల మీద పడింది. దబదబా, పిడికిళ్ళతో తలుపు బాదినట్టు. సాహితి ఏదో అంటోంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

సాయంత్రానికి ఒక మూల రాయి ఆరింది. కిల్కెన్నీ రాయి — తడిస్తే నలుపు, ఆరితే బూడిదరంగు. వానకొక ఇల్లు, ఎండకొక ఇల్లు అనుకుని ఏరి తెచ్చిన రాయి. కట్టాక, ఈ బూడిదరంగును ఆమె ఇప్పుడే చూడటం.

మృదుల వెళ్ళి ఆ ఆరిన మేర కూర్చుంది. చూస్తూ ఉంటే, పాప చుట్టూ నలుపు తగ్గుతోంది.

పైన వాన పడుతూనే ఉంది. ఆగిపోయిన ఇళ్ళ పునాదుల వైపు పోతోంది. చెప్పకుండా...