ఇరవై మూడో గదికి పరుపు

పైనుంచి గుచ్చిన దబ్బనం పరుపు అడుగున తేలింది. సైదా కిందికి చెయ్యి పోనిచ్చి దాన్ని అందుకుని, పురికొస లాగి, మళ్ళీ పైకి గుచ్చి ముడి బిగించాడు. ముడి పడ్డచోట చారల గుడ్డ చిన్న బొడ్డులా లోపలికి పోయింది. పొద్దు పొడుస్తోంది. ఒంగోలు బస్సు ఏడింటికి. ఇంకా రెండు వరసలు మిగిలాయి.

అతనికి యాభై నాలుగేళ్ళు. కనుబొమల మీదా, చెవుల మీది వెంట్రుకల మీదా ఎప్పుడూ దూది నూగు ఉంటుంది. స్నానం చేసి వచ్చినా పోదు. దబ్బనాన్ని నెట్టీ నెట్టీ కుడి బొటనవేలు కాయకట్టి, గోరు ఒక పక్కకి ఒరిగిపోయింది. పొదిలి చుట్టుపక్కల ఊళ్ళలో ముప్పై ఏళ్ళుగా పెళ్ళి పరుపులన్నీ దాదాపు అతను కుట్టినవే. తన పెళ్ళికి మాత్రం చాప కొన్నాడు. ఈనాటికీ అతనూ, భార్య జాన్‌బీ బొంత మీదే పడుకుంటారు. సొంత మనిషి కోసం పరుపు కుట్టడం ఇదే మొదలు.

మధ్యలో దగ్గు వచ్చింది. దబ్బనం గుడ్డలో గుచ్చి ఉంచి, గోడ పట్టుకుని, తగ్గేదాకా ఆగాడు. దూది పని మానెయ్యమని ఒంగోల్లో డాక్టరు నిరుడే చెప్పాడు. "దూది మానేస్తే దగ్గు మానుద్దో లేదో గాని అన్నం మానుద్దండీ," అని చెప్పి వచ్చేశాడు సైదా. ఆ తర్వాత మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికి పోలేదు.

కూతురు ఖుర్షిదాకి ఇంజనీరింగులో సీటు వచ్చింది. కాలేజీ ఒంగోలు అవతల, హైవే పక్కన. హాస్టలుకి ఏమేం తెచ్చుకోవాలో ఇంగ్లీషులో ఒక కాగితం పంపారు. పరుపు, దిండు, బక్కెట్టు, మగ్గు, తాళం, టేబుల్ లైటు. ఖుర్షిదా చదివి చెబుతుంటే సైదా మొదటి మాట దగ్గరే ఆపాడు. పరుపు ఎక్కడుందో చూపించమని, అక్కడ కూతురి చేత పెన్నుతో గీత గీయించాడు. జిన్నింగు మిల్లులో అందరూ తీసుకునే తుక్కు దూది తీసుకోలేదు. పొడుగు పింజ ఏరి తెచ్చి రెండుసార్లు ఏకించాడు. గింజ ముక్క కనబడ్డ చోటల్లా జాన్‌బీ గోటితో తీసింది.

బస్సు పైకి పరుపు తనే ఎక్కించాడు. క్లీనరు ముడి వేస్తానంటే వెయ్యనివ్వలేదు. యూరియా సంచులు కలిపి కుట్టిన పట్టా దానిమీద కప్పి, నాలుగు మూలలా లాగి కట్టి కిందికి దిగాడు. దిగాక చాలాసేపు ఊపిరి అందలేదు. ఖుర్షిదా ట్రంకుపెట్టె ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. అతను ఆమెకి కనబడకుండా బస్సు వెనక్కి పోయి నిలబడ్డాడు.

హాస్టలు వరండాలో వార్డెన్ మేడం బల్ల వేసుకుని కూర్చుంది. అమ్మాయిలూ తల్లిదండ్రులూ సామాన్లతో వరస కట్టారు. ఖుర్షిదా వంతు వచ్చేసరికి మేడం రిజిస్టరు మీద నుంచి తల ఎత్తి పరుపు వైపు చూసింది.

దూది పరుపులు పనికిరావని చెప్పింది. నల్లులు పడతాయట. హాస్టల్లో అందరివీ ఫోమ్ పరుపులేనట. గేటు పక్క షాపులో దొరుకుతాయి, కొనుక్కుని రమ్మంది. గట్టిగా కూడా అనలేదు. అప్పటికే ఆమె చూపు వెనక ఉన్నవాళ్ళ మీదికి పోయింది.

సైదా చొక్కా జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి బల్లమీద పెట్టాడు. గీత గీసిన చోట వేలు పెట్టాడు.

"పరుపు తెమ్మని రాశారమ్మా. ఏ పరుపో రాయలేదు. నేను తెచ్చింది పరుపే."

"చూడండి పెద్దాయనా, ఇక్కడ రూలు అది."

తండ్రి మోచెయ్యి పట్టుకుని, వద్దులే నాన్నా, కొనేద్దాం అని ఖుర్షిదా గొణిగింది. వెనక ఎవరో నవ్వారు. సైదా కూతురి వైపు తిరగలేదు. జేబులోంచి బ్లేడు తీసి, పరుపు అంచు కుట్టు మూరెడు కోశాడు.

"చెయ్యి పెట్టి చూడండమ్మా. నల్లి దాకా ఎందుకు, గింజ ముక్క చేతికి తగిలినా నేనే మోసుకుపోతా."

మేడం చెయ్యి పెట్టలేదు. పక్కన చీపురు పట్టుకుని నిలబడ్డ ఆయా ఎలీసమ్మ పెట్టింది. మణికట్టు దాకా లోపలికి పోనిచ్చి, కాసేపు అలాగే ఉంచి తీసుకుంది. ఖాళీ చెయ్యి మేడం వైపు చాపింది.

"ముందు దాన్ని పక్కకి తీయండి, వెనక వాళ్ళున్నారు," అంది మేడం.

"తెరిచిన కుట్టు మూసి తీస్తానమ్మా," అన్నాడు సైదా.

పరుపుని హాస్టలు గుమ్మానికి అడ్డంగా పరిచి, దాని పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని దబ్బనం తీశాడు. గుమ్మం వెడల్పుకి అది సరిపోయింది. లోపలికి పోవాలంటే దాన్ని తొక్కాలి. కొత్త పరుపు మీద చెప్పుకాలు పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. అట్టపెట్టెలు మోస్తున్న ఒక పెద్దమనిషి గుమ్మం దాకా వచ్చి, పరుపు చూసి వెనక్కి తగ్గాడు. సైదా ఒక్కొక్క కుట్టే వేశాడు. వేసిన ప్రతి కుట్టూ బొటనవేలితో అదిమి చూశాడు. వరస వరండా మెట్లు దిగి ఎండలోకి పోయింది.

మేడం లేచి వచ్చి, పక్కకి జరుపుకుని కుట్టుకోమంది.

"కుట్టు మధ్యలో జరిపితే దూది ఒకపక్కకి పోద్దమ్మా. పాప నాలుగేళ్ళు పడుకోవాల."

అది నిజం కాదు. జరిపినా ఏమీ కాదు. ఆ సంగతి అక్కడ సైదాకీ ఖుర్షిదాకీ తప్ప ఎవరికీ తెలియదు. ఖుర్షిదా ఒక క్షణం తండ్రి ముఖంలోకి చూసింది. ఆ తర్వాత ట్రంకుపెట్టె కింద పెట్టి, కొత్త చుడీదారు సర్దుకుని, పరుపుకి ఇవతల కూర్చుంది. చిన్నప్పట్నుంచీ చేసిన పనే. కోసిన అంచులు రెండూ వేళ్ళతో కలిపి పట్టుకుంది.

"మేడం, నేను దీనిమీదే పడుకుంటానండి," అంది. ఆ మాట వరస చివరిదాకా వినబడింది.

మేడం ఇద్దరినీ చూసింది, ఎండలో నిలబడ్డవాళ్ళని చూసింది. బల్ల దగ్గరికి తిరిగిపోయి రిజిస్టరులో ఖుర్షిదా పేరు పక్కన గది నంబరు ఇరవై మూడు అని రాసింది. నల్లులు పడితే ఆ రోజే బయట పారేయిస్తానంది. సైదా అలాగేనన్నాడు. ఆ తర్వాత రెండు కుట్లలో పని అయిపోయింది.

మగవాళ్ళకి లోపలికి ప్రవేశం లేదు. పరుపు ఒక కొస ఎలీసమ్మ, ఒక కొస ఖుర్షిదా పట్టుకుని మెట్లెక్కారు. సైదా భవనం చుట్టూ తిరిగి వెనక కంపచెట్ల దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి మేడ మీద ఒక కిటికీలో ఖుర్షిదా కనబడింది. పరుపు మంచానికి సరిపోయిందని చెప్పింది. బల్లా కుర్చీ ఉన్నాయనీ, గోడలో అలమర ఉందనీ, ఫ్యాను తిరుగుతోందనీ చెప్పింది. అతను ఒక్కొక్కదానికీ తల ఊపాడు. కిటికీ ఊచల వెనక కొంచెం సున్నం గోడ తప్ప అతనికి ఏమీ కనబడలేదు.

"పదైదు రోజులకోసారి ఎండలో వెయ్యమ్మా," అన్నాడు.

పుట్టినప్పట్నుంచీ వింటున్న మాట. ఖుర్షిదా సరే నాన్నా అంది.

ఇంటికి వచ్చాక జాన్‌బీకి అంతా చెప్పాడు. మేడం లేచి వచ్చిన తీరు లేచి నిలబడి చేసి చూపించాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది.

ఖుర్షిదా దసరా సెలవులకి వచ్చేలోపే సైదా పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని గోడకి ఆనుకుని కూర్చున్నవాడు, జాన్‌బీ పిలిస్తే పలకలేదు. మూడోరోజు ఫాతెహా ప్రార్థన అయ్యాక బంధువులు ఖుర్షిదా మాట ఎత్తారు. సింగరాయకొండలో సంబంధం ఉంది, తండ్రి లేని పిల్లకి ఇంకా చదువెందుకన్నారు. జాన్‌బీ గిన్నెలు కడుగుతూ అంతా విన్నది.

"ఊళ్ళో అందరికీ పెళ్ళి పరుపులే కుట్టాడు మీ అన్న. పాపకి కుట్టింది చదువు పరుపు. అది అక్కడ పరిచి ఉంది," అంది మరిదితో. మరిది మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వారం తిరక్కముందే ఖుర్షిదా మళ్ళీ ఒంగోలు బస్సెక్కింది. జాన్‌బీ బస్టాండు నుంచి వచ్చి, చుట్టాలు కూర్చున్న చాపలన్నీ దులిపి చుట్టి, వసారా ఊడ్చింది. మిషన్లు వచ్చాక పదిహేనేళ్ళుగా ఎవరూ ముట్టని సైదా దూదేకే విల్లు దూలానికి వేలాడుతోంది. దాని నారి మాత్రం ఇంకా బిగువుగానే ఉంది.