మూడో డబ్బా

సీలు చెక్కుచెదరలేదు, మూత చుట్టూ నీలం టేపు షాపులో అంటించినట్టే ఉంది, డబ్బా మీద మా టీం లీడర్ ఊవే మార్కర్‌తో రాసిన అక్షరాలు, పై రెక్క, లోపలి వార్నిష్, పక్కన కింది రెక్క డబ్బా ఖాళీ, మధ్య రెక్క డబ్బా ఖాళీ, మూడు రెక్కలకు మూడు డబ్బాలు, ఈ మూడోదాన్ని ఎవరూ తెరవలేదు, గ్లవ్స్ కోసం ఈ సామాన్ల గదిలోకి రాకపోతే నాకూ తెలిసేది కాదు, బయట ఇంజిన్ చప్పుడు మారింది, చక్రాలు నేలను వదిలేశాయి, మా పైలట్ ఆంకె గాల్లో ఉంది.

పరిగెత్తు సంయుక్తా, షెడ్డు నుంచి రేడియో టేబుల్ దాకా తడిగడ్డి, బూట్లు జారుతున్నాయి, సామాన్లు కొనే హారిక ఇంకో డబ్బా కొని ఉంటుందేమో, కొంటే ఖాళీ డబ్బా కనబడాలి, రీసైక్లింగ్ అంటూ హారిక ఒక్క ఖాళీ డబ్బానూ పారేయనివ్వదు, లేదు, కొనలేదు, ఆ రెక్క లోపల ఉన్నది వార్నిష్ తగలని ఉత్త కర్ర, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బ్రెమెన్ వానల్లో తేమ తాగుతూ కూర్చున్న కర్ర, 1917లో యుద్ధం కోసం ప్రయోగంగా ఒకే ఒక్కటి కట్టిన మూడు రెక్కల ఫైటర్ విమానం, మేం నాలుగేళ్ళుగా శని ఆదివారాలు అదే సైజులో దాని నమూనా కట్టాం, అసలుది ఎగరడం మొదలెట్టిన తొమ్మిదో రోజున పై రెక్క ఊడి కూలిపోయింది, లోపల వార్నిష్ లేక జిగురు వదిలేసిందని అప్పటి రిపోర్టు, దాన్ని ఊవే ఫ్రేమ్ కట్టించి కాఫీ మెషీన్ పైన తగిలించాడు, ప్రతి కప్పుకూ ఒకసారి చదివాం కదా, అందరం చదివాం కదా.

రెండు నిదానమైన చుట్లు, మూడో చుట్టులో పక్కకు బాగా వంచి తిప్పే మలుపు, అదీ ప్లాన్, మలుపులో బరువంతా పై రెక్క మీద పడుతుంది, ఆంకె వీపున పారాచూట్ ఉంది, ఆ ఎత్తులో అది తెరుచుకునేలోపు నేల వచ్చేస్తుంది, మొదటి చుట్టు అయిపోయింది, ఎర్ర రెక్కలు మబ్బు కింద ఎంత ముద్దుగా ఉన్నాయో, అక్కడ మడత కుర్చీలో టోపీ పెట్టుకుని చప్పట్లు కొడుతున్నది వెంకటరామారావు బాబాయ్, ఆ పై రెక్క కట్టిన మనిషి.

రక్తసంబంధం ఏమీ లేదు, ఆయనది కాకినాడ, నాది హన్మకొండ, నేనీ ఊళ్ళో దిగిన మొదటి వారం ఆన్‌మెల్డుంగ్‌కు అంటే అడ్రసు నమోదుకు ఇంటి ఓనరు కాగితం ఇవ్వనంటే నా పక్కన నిలబడి జర్మన్‌లో పోట్లాడిన మనిషి, వీసా టెర్మిన్, అదే అపాయింట్మెంట్, దొరక్క నేను ఏడుస్తుంటే తెల్లారకముందే నాతో లైన్లో నిలబడిన మనిషి, నిరుడు రిటైరయ్యాక ఈ విమానమే ఆయనకు ఆఫీసు, ఇప్పుడు నేను నోరు తెరిస్తే షెడ్డు తాళం ఆయన చేతిలోంచి లాగేసుకుంటారు, తెరవకపోతే ఆంకె.

ఇక్కడ ప్రతి పనికీ నాలుగు కళ్ళు కావాలి, ఒకరు చేస్తే ఇంకొకరు చూసి సంతకం పెట్టాలి, పై రెక్కకు రెండో జత కళ్ళు నావి, ఆ శనివారం నేను వచ్చేసరికి బాబాయ్ అప్పటికే రెక్క మీద గుడ్డ బిగించేశాడు, లోపలంతా వార్నిష్ కొట్టేశానమ్మా, సంతకం పెట్టేయ్, మీ పిన్ని పెసరట్లు పంపింది, చల్లారిపోతే తోలు ముక్కలే, గుడ్డ విప్పండి బాబాయ్, చూడాలి, అని పెద్దాయనతో ఎలా అనేది, మీ మాట మీద నమ్మకం లేదన్నట్టు ఉండదూ, మధ్య రెక్క ఊవే చేస్తే మాత్రం విప్పించాను, అతను మూతి ముడుచుకోలేదు, టార్చి తెచ్చి తనే పట్టుకున్నాడు, బాబాయ్ కాగితం మీద మాత్రం పెసరట్టు నములుతూ సంతకం పెట్టాను, నూనె మరక కూడా ఉంటుంది.

రెండో చుట్టు సగమైంది, ఊపిరి అందడం లేదు, ఆ సంతకానికి పది రోజుల ముందే సుభద్ర పిన్ని ఫోన్లో నవ్వింది, మీ బాబాయ్ కారు తాళాలు ఎక్కడ పెట్టారో తెలుసా, ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన, నేనూ నవ్వాను, తర్వాతి వారం మీ నాన్న ఆరోగ్యం ఎలా ఉందమ్మా అని ఒకే పూటలో మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ బాగుంది బాబాయ్ అన్నాను.

ఏంటమ్మాయ్ ఆ పరుగు, కుక్కేదన్నా తరిమిందా, బాబాయ్ నవ్వుతున్నాడు, ఊవే చేతిలోంచి మైకు లాక్కున్నాను, ఆంకె, మలుపు వద్దు, ఎటూ వంచకు, నెమ్మదిగా దిగిపో, పై రెక్క ఆగదు, రేడియోలో గరగరలాడుతూ ఆంకె గొంతు, ఇంజిన్ బాగానే ఉందిగా, ఊవే నా మొహం చూశాడు, కారణం అడగలేదు, మైకు తీసుకుని, దిగు ఆంకె, ఇప్పుడే, అన్నాడు, విమానం తిన్నగా, పొడుగ్గా, కాలవ మీదుగా కిందికి వస్తోంది, పై రెక్క కొసన గుడ్డ ఉబ్బుతోంది, తగ్గుతోంది, ఉబ్బుతోంది, ఆగు తల్లీ, ఇంకొంచెం, చక్రాలు తగిలాయి, ఎగిరాయి, మళ్ళీ తగిలాయి, ఆగింది.

ఊవే నిచ్చెనెక్కి వేలితో నొక్కితే లోపలి కర్ర ఊడబోయే పాలపన్నులా కదిలింది, కత్తితో గుడ్డ చీల్చాడు, వార్నిష్ చుక్క లేదు, ఆంకె హెల్మెట్ పట్టుకుని గడ్డిలో కూలబడింది, ఎవరు, అన్నాడు ఊవే, అరవలేదు, అరిచినా బాగుండేది, బాబాయ్ టోపీ తీశాడు, నేను కొట్టానే, కొట్టాను కదమ్మా, అని నన్నే అడుగుతున్నాడు, ఆ కళ్ళలో నిజంగా తెలియనితనం, ఆయన మర్చిపోయాడు, మనిషి మర్చిపోతాడనే కదా రెండో జత కళ్ళు పెట్టింది, ఆయన మర్చిపోతున్నాడని ఈ మైదానంలో తెలిసిన ఒకే ఒక్క మనిషి, తెలిసీ మర్యాద కోసం కళ్ళు మూసుకుని సంతకం పెట్టిన మనిషి, ముందు జర్మన్‌లో ఊవేకు ఆ మనిషి పేరు చెప్పాను, తర్వాత బాబాయ్ చేతిని పట్టుకుని గట్టిగా తెలుగులో అన్నాను, మీరు కాదు బాబాయ్, నేను, సంయుక్త.