నలభై ఏడో పేజీలోని ఊరు

అశోక్ నగర్‌లో నన్ను మాణిక్యం సార్ అంటారు. గ్రూప్స్ పరీక్ష ఆరుసార్లు రాసి ఆరుసార్లూ తప్పాను. ఏడోసారి రాసే ఓపిక లేక, రాసేవాళ్లకు పుస్తకం అమ్మడం మొదలుపెట్టాను. దాని పేరు 'తాజా లోకం'. నెలకొకటి వస్తుంది. ఆ నెలలో లోకంలో జరిగినవన్నీ నూట అరవై పేజీల్లో ఉంటాయి. జరగనివి కూడా కొన్ని ఉంటాయని నాకు సుగుణ చెప్పింది.

నా పని పెద్ద కష్టమైనదేమీ కాదు. పొద్దున్నే ఆరు పేపర్లు ముందేసుకుని కత్తెర పట్టుకుంటాను. బస్సు బోల్తా పడ్డా, బావిలో ఎవరో పడ్డా నాకు అక్కర్లేదు. "రాష్ట్రంలోనే తొలిసారి" అన్న మాట కనబడితే మాత్రం కత్తెర ఆగదు. తొలి మహిళా డ్రైవరు, తొలి తేలే వంతెన, తొలి చేపల సంత. రెండో వంతెన ఎంత గట్టిగా కట్టినా నా పుస్తకంలో దానికి చోటు లేదు, పరీక్షలో రెండోదాన్ని ఎవరూ అడగరు. ఈ తొలివన్నీ మా గల్లీ పిల్లలు మూడు రంగుల పెన్నులతో గీసుకుంటారు. మెస్‌లో ప్లేటు పట్టుకుని నిలబడి కూడా వల్లె వేస్తారు. ఏ దేశానికి కొత్త ప్రధాని వచ్చాడో చెప్పగలరు గానీ పక్క గదిలో వారంగా జ్వరంతో పడుకున్నవాడి పేరు అడిగితే తెల్లమొహం వేస్తారు. వాళ్లను అని లాభం లేదు, అది నా పుస్తకంలో లేదు.

సుగుణ పిల్ల కాదు. నలభై దాటాయి. పదకొండేళ్లుగా ఇక్కడే లేడీస్ హాస్టల్లో ఉంటూ చదువుతోంది. ఈసారిదే ఆమెకు ఆఖరి పరీక్ష, వచ్చే నోటిఫికేషన్ నాటికి వయసు దాటిపోతుంది. ఆ సంగతి మెస్‌లో రొట్టెలు చేసే ఆమెకు కూడా తెలుసు. అందుకే సుగుణ పళ్లెంలో ఒక రొట్టె ఎక్కువ వేసేది.

పరీక్షకు రెండు నెలల ముందు సుగుణ మూడంతస్తులు ఎక్కి నా గదికి వచ్చింది. చేతిలో జనవరి సంచిక ఉంది.

"సార్, నలభై ఏడో పేజీల తప్పు పడ్డది."

"ఏం తప్పమ్మా?"

"రాష్ట్రంలోనే తొలిసారి మహిళా సంఘం నడుపుతున్న సౌర శీతల గిడ్డంగి పిట్టలగూడెంల ఉన్నదని రాసిండ్రు. పిట్టలగూడెం మా ఊరే సార్. ఆ సంఘానికి మా చిన్నమ్మే అధ్యక్షురాలు. బిల్డింగు కట్టి రెండేండ్లయింది. ఇప్పటిదాంక తాళం తీసినోడు లేడు. వసారాల మేకలు కట్టేస్తున్నరు."

"పేపర్ల వచ్చిందమ్మా."

"పేపర్ల వస్తే మేకలు లేచిపోతయా సార్?"

నాకు కోపం వచ్చింది. పదేళ్లలో నా పుస్తకాన్ని ఎవరూ అట్లా నిలదీయలేదు. "చూడు సుగుణా, ఇన్నేండ్ల నుంచి చదువుతున్నవ్, నీకు నేను చెప్పాల్నా? ప్రశ్న తయారు చేసెటోడు మీ ఊరికి రాడు. వాడు కూడా ఇసొంటి పుస్తకమే చూస్తడు. వస్తే పుస్తకంల ఉన్నది పెట్టు. ఊరును చూసి పెట్టకు" అన్నాను. ఆమె సరేనని దిగి వెళ్లింది. తప్పు మాత్రం నేను దిద్దలేదు.

పరీక్షలో నూట పన్నెండో ప్రశ్న అదే వచ్చింది. మొదటి ఆప్షన్ పిట్టలగూడెం, నాలుగోది 'పైవేవీ కావు'. ఆ సాయంత్రమే గల్లీ మొదట్లో నా ఫ్లెక్సీ లేచింది: "పిట్టలగూడెం ప్రశ్న మాదే! 'తాజా లోకం', 47వ పేజీ." జనవరి సంచిక రెండోసారి అచ్చు వేయించాల్సి వచ్చింది.

ఆ ఫ్లెక్సీ కిందే సుగుణ ఎదురుపడింది.

"ఏం పెట్టినవ్?" అన్నాను.

"పైవేవీ కావు."

"నెత్తి నోరు కొట్టుకుని చెప్పిన కదనే!"

"చెప్పిండ్రు సార్. పెన్ను మొదటిదాని మీదనే పెట్టిన. అప్పుడే మా చిన్నమ్మ యాదికొచ్చింది. పోయినేడు రెండు బండ్ల టమాట రోడ్డు మీద పారబోసి ఏడ్చింది సార్, ఆ బిల్డింగు ముందట్నే. చెయ్యి ఆడలే."

వారానికి పరీక్ష పెట్టిన కమిషన్ జవాబుల ప్రాథమిక కీ విడుదల చేసింది. సమాధానం పిట్టలగూడెం. అభ్యంతరాలు ఉంటే ఐదు రోజుల్లో చెప్పమన్నారు. ఆ ఫారంలో ఒక గడి ఉంటుంది: ఆధారం, పుస్తకం పేరు, పేజీ నంబరు. సుగుణ మళ్లీ మూడంతస్తులు ఎక్కింది.

"మేకల ఫొటో తీసి పంపిచ్చింది చిన్నమ్మ. సంఘపోళ్లందరు సంతకాలు పెట్టిండ్రు. కానీ గడిల రాసేటందుకు పుస్తకం కావాలె సార్. నలభై ఏడో పేజీ తప్పని మీరొక్క కాయితం రాసియ్యరాదుండ్రి. అందరు చూసేది మీ పుస్తకమే కదా."

రాసి ఇవ్వాల్సింది. అడ్డం వచ్చింది ఫ్లెక్సీ. అది కట్టి పది రోజులు కూడా కాలేదు, రెండో అచ్చు ఇంకా దుకాణాల్లోనే ఉంది. "నా కాయితానికి విలువేముంటదమ్మా, ఫొటో చాలు" అన్నాను. ఆమె దిగి వెళ్లిపోయింది. ఆధారం గడిలో 'మా ఊరు' అని రాసిందట.

తర్వాత జరిగిందంతా చిన్నమ్మ ఎల్లవ్వ ఫోన్లో చెప్పగా సుగుణకు, సుగుణ చెప్పగా నాకు తెలిసింది. గిడ్డంగి నడుస్తోందా లేదా చెప్పమని కమిషన్ జిల్లాకు ఉత్తరం రాసింది. జిల్లావాళ్లు నడుస్తోందని ఏడాది కిందే పైకి రాసి ఉన్నారు. ఇప్పుడు లేదని రాస్తే అప్పుడు ఎందుకు రాశారని అడుగుతారు. అందుకని జవాబు మార్చడం కంటే ఊరును మార్చడం సులువనుకున్నారు. తాళంచెవి ఎవరి దగ్గరా లేకపోతే తాళం పగలగొట్టారు. మేకలను విప్పి బడి వెనక్కి తోలారు. పైకప్పు మీద సౌర పలకలు ఎప్పుడో మాయమయ్యాయి కాబట్టి ట్రాక్టరు మీద జనరేటర్ తెచ్చారు. ఊళ్లో ఆ రోజుకు టమాటాలు లేకపోతే పట్నం మార్కెట్లో నాలుగు పెట్టెలు కొనుక్కొచ్చి లోపల పెట్టారు. కాగితాల్లో ప్రారంభోత్సవం ఎప్పుడో అయిపోయింది కనుక మళ్లీ రిబ్బన్ కత్తిరించడానికి వీల్లేదు. ఆఫీసరుగారు ఒక టమాటా చేతిలో పట్టుకుని 'పనితీరు పరిశీలిస్తున్నట్టు' ఫొటో దిగారు. ఎల్లవ్వకు కొత్త చీర కట్టించి పక్కన నిలబెట్టారు.

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలసేపు నా నలభై ఏడో పేజీ నిజమైంది.

తుది కీలో సమాధానం మారలేదు. 'వ్యక్తిగత పరిశీలన ప్రామాణిక ఆధారం కాదు' అని ఒక వాక్యం రాశారు. పది రోజులకు ఎంపికైనవాళ్ల జాబితా వచ్చింది. సుగుణకు ఒక్క మార్కు తగ్గింది.

గది ఖాళీ చేసిన రోజు చెప్పి వెళ్దామని వచ్చింది. సంచులు మెట్ల దగ్గర పెట్టి కూర్చుంది. ఆ ఒక్క మార్కు పోగొట్టింది నేనే. తెలిసి కూడా నోరు మూసుకున్నాను. అంతలో ఆమె ఫోన్ మోగింది. ఎల్లవ్వ గొంతు గది అంతా వినబడేటంత పెద్దది.

"ఏందే సుగుణా, మన ఊరి ప్రశ్నే వస్తే తప్పు పెట్టినవని ఊరంత నవ్వుతున్నరే. మన ఊరు దిక్కు మొకం చూడనోళ్లు లక్షమంది కరెక్టు పెట్టిండ్రంట, ఈడ పుట్టిపెరిగినదానికి తెల్వలేదంట అని సర్పంచు అందరికి చెప్తుండు. నాకు తల తీసేసినట్టయింది బిడ్డా."

"చిన్నమ్మా, ఇప్పుడు నడుస్తున్నదా అది?"

"యాడ నడుస్తదే? జనరేటర్ ఆ పొద్దే కొంచవోయిండ్రు. టమాట పెట్టెలు సుత కొంచవోయిండ్రు. తాళం పలగ్గొట్టి పోయిండ్రు కాబట్టి మేకలను ఇప్పుడు లోపలనే కట్టేస్తున్నం. వానకు తడుస్తలేవు, అదొక్కటి మేలైంది."

సుగుణ ఫోన్ పెట్టేసింది. కళ్లు తుడుచుకుంటుందేమో అనుకున్నాను, తుడుచుకోలేదు. అప్పుడే ఒక కొత్త పిల్ల తలుపు దగ్గర నిలబడి, "సార్, జనవరిది ఉన్నదా? అందులకెల్లే వచ్చిందంట కదా" అని అడిగింది.

సుగుణే లేచి, దొంతరలోంచి ఒక సంచిక తీసి, దుమ్ము దులిపి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"నలభై ఏడో పేజీ మంచిగ చదువుకో చెల్లె. ఆ ఊరికి మాత్రం పోకు."