నాన్న సంతకం

“అమ్మా, నాన్న సంతకం!” అని పాలసంచిలో స్కూలు డైరీ పడేసింది కూతురు పిచ్చుక. తల్లి సరేనని సంచి తగిలించుకుని, మెట్లు దిగి, పాల దుకాణం వెనక గోడ దగ్గరికి పోయింది. అటూ ఇటూ చూసి, గోడకి డైరీ ఆనించి, ‘తండ్రి సంతకం’ అని అచ్చు వేసిన గడిలో మొగుడి సంతకం గీకేసింది. మొదట్లో ఒక పెద్ద మెలిక, మధ్యలో గబగబా నాలుగు గీతలు, చివర కిందికి తోకలాంటి లాగుడు. కళ్ళు మూసుకుని కూడా పెట్టగలదు. పొద్దున్నే ఆఫీసుకి వెళ్తూ నాన్న వీధి చివర కలుస్తాడనీ, పెట్టి పోతాడనీ పిల్లకి చెప్పిన కథ. ఆ నాన్న ఈ వీధి ఛాయలకు వచ్చి ఎరగడు. కూతుర్ని తీసుకుని ఈ రెండు గదుల వాటాలోకి వచ్చేసి మూడు నెలలైంది. ఆయన రాలేదు గానీ ఆయన సంతకం మాత్రం రోజూ తప్పకుండా వస్తోంది.

స్కూల్లో చెప్పలేదు మరి. చెబితే టీచరుకి తెలుస్తుంది, టీచరుకి తెలిస్తే గేటు దగ్గర నిలబడే తల్లులందరికీ తెలుస్తుంది. మొగుణ్ణి వదిలేసి వచ్చినదాన్ని చూసే చూపు ఒకటుంటుంది, జాలికీ ఆరాకీ మధ్య. ఆ చూపు తలుచుకుంటేనే ఆమెకి తల కొట్టేసినట్టుండేది. పోనీ ఎందుకొచ్చేశావంటే చెప్పుకోడానికి పెద్ద కారణమైనా లేదాయె. కొట్టాడా? లేదు. తాగుతాడా? లేదు. “పరువుగా చూసుకుంటున్నాడు, ఇంకేం కావాలే నీకు?” అని సొంత అక్కే అడిగింది. “వాడి మాట కటువు గానీ మనసు వెన్నమ్మా” అనేది అత్తగారు. పన్నెండేళ్ళ కాపురంలో ఆ వెన్న ఒక్క ముద్దయినా ఆమె కంటబడలేదు. పార్సిల్ ఆఫీసు కౌంటరులో ఎనిమిది గంటలు నిలబడి వచ్చి వంటింట్లో దూరితే, “పొట్లాల మీద ముద్రలు గుద్దొచ్చి అలిసిపోయానంటే నలుగురూ నవ్విపోతారు” అనేవాడు మొగుడు. నోరు తెరిస్తే చాలు, “నీకేం తెలుసులే” అనేవాడు. ఆయన అన్నన్నాళ్ళూ దులుపుకుంది. ఒకరోజు పదేళ్ళ పిచ్చుక, ఏదో పాఠం దగ్గర, అచ్చం ఆ గొంతుతోనే “నీకేం తెలుసులే అమ్మా” అంది. ఆ వారమే బట్టలు సర్దింది.

లాయరు దగ్గరికి వెళ్ళడం ఇంకో ప్రహసనం. లాయరమ్మ ఆఫీసు రెండో అంతస్తులో, దాని ఎదురుగా పళ్ళ డాక్టరు. మొదటిసారి మెట్లెక్కుతుంటే, పార్సిళ్ళు పంపడానికి రోజూ వచ్చే ఒకావిడ పైనుంచి దిగుతూ “ఏంటమ్మా ఇటొచ్చావు?” అంది. అంతే, ఈమె చెయ్యి దానంతటదే దవడ మీదికి పోయింది. “పన్నండీ” అంది. ఆవిడ వదిలితేనా! “ఏ పన్ను? పైదా కిందదా? పద, నేను చెబుతాలే డాక్టరుకి” అని దగ్గరుండి మరీ లోపల కూచోబెట్టింది. ఈమె నోరు తెరిచి, శుభ్రంగా ఉన్న పళ్ళనే మళ్ళీ శుభ్రం చేయించుకుని ఇంటికొచ్చింది. దొంగతనం చేసినవాళ్ళు కూడా లాయరు గడప దర్జాగా తొక్కుతారు, ఈ తల్లికి మాత్రం పన్నునొప్పి కావలసి వచ్చింది.

మొగుడి లాయరు దగ్గర్నుంచి నోటీసు రాకపోతే ఇంకెన్నిసార్లు పళ్ళు తోమించుకునేదో. విడాకులకి ఆయనకేం అభ్యంతరం లేదట, పాప మాత్రం తన దగ్గరే ఉండాలట. తల్లికి ఉద్యోగమే తప్ప పిల్ల చదువు పట్టదట. మూడేళ్ళుగా రోజూ డైరీ చూసి, పిల్లని మెచ్చుకుని, సంతకం పెడుతున్నది తండ్రేనట. సాక్ష్యంగా ఆ ఇంట్లో వదిలేసి వచ్చిన పాత డైరీల నకళ్ళు, ఒక దొంతర. పేజీ పేజీలోనూ అదే మెలిక, అవే గీతలు, అదే తోక. అక్కడక్కడా కింద “శభాష్ బంగారం”, “పద్యం బాగా రాశావు బంగారం”. ఎంత గుండె ధైర్యం చూడండి ఆ మనిషిది! రెండో తరగతి మొదట్లో డైరీ తీసుకెళ్ళి ముందు పెడితే, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా “నువ్వే పెట్టెయ్, ఎవడు చూడొచ్చాడు?” అన్నది ఆయనే. పెట్టింది. “నాన్న ఏమన్నాడమ్మా?” అని పిల్ల ఆశగా అడుగుతుంటే చూడలేక ఆ ‘బంగారం’ కూడా తనే రాసింది, ఆయన రాతలాగే పక్కకి వాల్చి. పిల్ల ఆ పేజీ పట్టుకుని ఇల్లంతా గెంతింది. తర్వాత ఒకసారి టీచరు “ఈ రోజుల్లో ఇంత శ్రద్ధగల తండ్రులు ఎక్కడండీ, మీరు అదృష్టవంతులు” అంటే, ఈమె పొంగిపోయింది. అవును, అబద్ధమని తెలిసీ పొంగిపోయింది. నోటీసు చదువుతుంటే అన్నిటికన్నా ఆ పొంగిపోవడమే గుర్తొచ్చి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఈసారి దవడ పట్టుకోకుండానే మెట్లెక్కింది. లాయరమ్మ యాభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని నకళ్ళన్నీ ఒక్కొక్కటే తిరగేసింది.

“ఇవి ఆయన సంతకాలేనా అమ్మా?”

“ఆయనవేనండీ” అనేసింది. ఏం చేస్తుంది మరి! రోజూ కౌంటరులో “సొంత సంతకమే పెట్టాలండీ, వేరేవాళ్ళది చెల్లదు” అని వందమందికి చెప్పే మనిషి, మూడేళ్ళుగా దొంగ సంతకాలు పెడుతున్నానని ఏ మొహంతో చెబుతుంది?

లాయరమ్మ నిట్టూర్చింది. “అయితే కష్టమేనమ్మా. పాప విషయంలో వీటికి బలముంటుంది. సరే, చూద్దాం. మీ తరఫున నేను వాదించడానికి ఈ కాగితం. కింద సంతకం పెట్టండి.”

పిచ్చుక తన దగ్గర ఉండదా? పొద్దున్నే జడ ఎవరు వేస్తారు దానికి? ఆ ఆలోచనలోనే పెన్ను అందుకుంది. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పెద్ద మెలిక, నాలుగు గీతలు, తోక.

లాయరమ్మ ఆ కాగితం చూసింది, నకళ్ళు చూసింది, ఈమె మొహం చూసింది. ఈమెకి చెవులు భగ్గుమన్నాయి. ఉన్నపళాన నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

“ఎన్నాళ్ళ నుంచి?”

“మూడేళ్ళండీ. ఆయనే పెట్టమన్నారు. నన్ను జైల్లో పెడతారా?” అంటూనే ఏడ్చేసింది.

“ముందు మంచినీళ్ళు తాగండి. ఇవి తనవి కావని ఆయనకి తెలుసా?”

“తెలుసు.”

“తెలిసే పంపాడన్నమాట. పెద్దమనిషే!” లాయరమ్మ కళ్ళజోడు కిందికి దించుకుంది. “ఇప్పటికీ పెడుతున్నారా?”

ఆమె నేల చూపులు చూస్తూ తలూపింది. “ఇవాళ పొద్దున్న కూడా.”

“మూడు నెలలుగా ఆయన పాప మొహమే చూడలేదు, సంతకం మాత్రం రోజూ ఉంది. ఈ ఏడాది డైరీ తెండి, అదే మాట్లాడుతుంది. కానీ గెలుస్తామని నేను రాసివ్వను. అందరి ముందూ నిలబడి ఇవన్నీ నేనే పెట్టానని మీరు నోరు తెరిచి చెప్పాలి. ఆ బంగారాలు కూడా. పాపనీ పిలిచి అడగొచ్చు. ఆ పిల్ల ఈ సంగతి మొదటిసారి అక్కడ వినకూడదమ్మా. మీరే చెప్పండి, ఇవాళే.”

ఇంకో కాగితం ఇచ్చింది. “దానికి చెప్పాకే పెడతానండీ” అని మడిచి సంచిలో పెట్టుకుంది ఆమె. దారంతా ఒకటే బాధ. పిల్లని దక్కించుకోవాలంటే పిల్ల దగ్గరున్న ఆ ఒక్క మంచి నాన్ననీ తన చేత్తోనే లాగేసుకోవాలి. ఇదేం తల్లితనం అనుకుంది.

ఇంటికొచ్చేసరికి పిచ్చుక నేలమీద బోర్లా పడుకుని బొమ్మకి రంగులు వేస్తోంది. చెప్పులు కూడా విడవకుండా పక్కన కూలబడింది ఆమె.

“పిచ్చుకా, డైరీలో నాన్న సంతకం ఉంది చూడు…” అని ఆగిపోయింది.

“నువ్వే పెడతావు. నాకు తెలుసు” అంది పిల్ల తలెత్తకుండా. “బంగారం అని కూడా నువ్వే రాసేదానివి. నాన్న నన్నెప్పుడైనా బంగారం అన్నాడా ఏంటి? ఏయ్ అంటాడు.”

“ఎప్పట్నుంచి తెలుసే?”

“మూడో తరగతిలో నీకు జ్వరం వచ్చింది గుర్తుందా? నువ్వు లేవలేదని నేనే డైరీ నాన్న దగ్గరికి తీసుకెళ్ళా. ఫోన్ మాట్లాడుతూ పెట్టేశాడు. ఏమీ రాయలేదు. మర్నాడు టీచరు చూసి, ఇది మీ నాన్న సంతకం కాదు, నువ్వే పెట్టేసుకున్నావు కదూ అని పీరియడంతా నిలబెట్టింది.”

మూడేళ్ళలో ఆయన పెట్టింది ఒకే ఒక్క సంతకం. దానికి పిల్ల శిక్ష అనుభవించింది.

“నాన్నే పెట్టాడని చెప్పలేకపోయావా తల్లీ?”

“చెబితే మిగతావన్నీ ఎవరు పెట్టారని అడుగుతుంది కదా.” పిచ్చుక ఎర్ర పెన్సిలు పక్కన పెట్టి ఆకుపచ్చది తీసుకుంది. “నువ్వు సిగ్గుపడతావని చెప్పలేదు.”

ఆమె పిల్ల తలని పొట్టకి అదుముకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కొచ్చి, లాయరమ్మ ఇచ్చిన కాగితం నేలమీద పరిచి సంతకం పెట్టింది. అలవాటు తప్పిన సొంత సంతకం, కూడబలుక్కుని రాసినట్టు వంకరటింకరగా వచ్చింది. డైరీ కూడా తెమ్మని, రేపటి గడిలో ‘తండ్రి’ అన్న అచ్చు మాట మీద ఒక గీత కొట్టి, పైన ‘అమ్మ’ అని రాసి, కింద అదే వంకర సంతకం పెట్టింది.

పిచ్చుక ఆ గడి వంక అనుమానంగా చూసింది. “ఇదెవరిదని రేపు టీచరు మళ్ళీ నన్ను నిలబెడితే?”

“నువ్వు నిలబడక్కర్లేదు” అంది ఆమె. “నేనొచ్చి నిలబడతాను.”