కొత్త బీమా కార్డు

పదకొండున్నరకి పోటు వచ్చేస్తుంది, ఇసుకంతా మునిగిపోతుంది. ఆలోగా మా నెరిస్ మూడు చక్రాల బండిలో కూర్చుని, తెరచాపంత గాలిపటం లాగుతుంటే రెండు మైళ్ళు ఆగకుండా పోయి జెండా దాటాలి. దాటితే క్లబ్బు జట్టులో చోటు. ఏడాదిగా అదే దాని లోకం. ఆ ఏడాదంతా నాకు కలలో కనబడ్డది విరిగిన మెడ.

తీరం కావలి ప్రోబర్ట్ తాడు దగ్గర నిలబడి చెయ్యి చాచాడు. "కార్డు చూపించమ్మాయ్."

బీమా ఉందని చూపించందే ఆయన ఎవరినీ తాడు దాటనివ్వడు. నెరిస్ జేబులోంచి తీసిచ్చింది.

"దీని గడువు మార్చితో తీరిపోయింది. ఇవాళ ఏప్రిల్ ఆరు."

నెరిస్ నా వైపు తిరిగింది. "అమ్మా, కొత్తది ఏది?"

కొత్త కార్డు వచ్చిన రోజే, తడుస్తుందని, ఎగిరిపోతుందని, ఇంట్లో బిస్కట్ల డబ్బాలో బర్త్ సర్టిఫికెట్ల కింద పెట్టాను.

"జాగ్రత్త చేశానే..."

"నీ జాగ్రత్త తగలెయ్య! ఇంటికెళ్ళి రావాలంటే గంటన్నర!"

"క్లబ్బు వాళ్ళు కాగితం పంపితే ఫోన్లో చూపించినా సరే," అన్నాడు ప్రోబర్ట్. "కానీ సిగ్నల్ కావాలంటే ఆ ఇసుకదిబ్బ ఎక్కాలి."

యాభై రెండేళ్ళ మోకాళ్ళతో ఎక్కాను. రెండడుగులు పైకి, ఒకడుగు కిందికి. క్లబ్బు కార్యదర్శి ఎలునెడ్‌కి ఫోన్ చేశాను.

"స్నానం చేస్తున్నానే తల్లీ!"

"తువ్వాలు చుట్టుకుని పంపించు! పోటు వచ్చేస్తోంది!"

నాలుగు నిమిషాల్లో కాగితం వచ్చింది. పేరు, సభ్యత్వం నంబరు, తేదీ అన్నీ సరిగానే ఉన్నాయి. కిందికి చదువుకుంటూ దిగాను. "ఇతరులకు, వారి ఆస్తికి జరిగే నష్టానికి మాత్రమే. గాలిపటం ఎగరేసే సభ్యులకు తగిలే గాయాలకు వర్తించదు."

దిబ్బ మధ్యలోనే ఆగిపోయాను. ఆ బీమా నా బిడ్డకే అనుకున్నాను. ఆ కార్డు ఉందన్న ధైర్యంతోనే ఇన్నాళ్ళూ కాస్త నిద్రపోయాను.

కాగితం రాలేదని చెప్తే చాలు. ఒళ్ళు నలగకుండా ఇంటికొస్తుంది.

కింద తాడుకి ఇవతల నెరిస్ అప్పుడే గాలిపటం పరిచేసింది. ఎగరకుండా అంచు మీద ఇసుక పోసి, దారాలు సర్ది, నెత్తికి టోపీ బిగించుకుని నా వైపే చూస్తోంది. పిచ్చిది, నేను తెస్తానని ఒక్క క్షణం కూడా అనుమానపడలేదు.

ఫోన్ తీసుకెళ్ళి ప్రోబర్ట్ చేతిలో పెట్టాను.

"పూర్తిగా చదివావా?" అన్నాడాయన, నా మొహం చూసి.

"చదివాను. తాడు విప్పు."

ఆయన సాయం పట్టి బండి, గాలిపటం అవతలికి చేర్చాడు. నెరిస్ దారాలు గుంజింది. ఇసుక జలజలా రాలి గాలిపటం ఫట్‌మని విచ్చుకుంది. బండి దూకింది! ఒక చక్రం గాల్లోకి లేచింది. కళ్ళు మూసుకుందామనుకున్నాను, మూతపడితేగా! అవతలి పక్క నీళ్ళు తెల్లగా నురగలు కక్కుతూ వస్తున్నాయి. అది వాటికన్నా ముందు పోతోంది, తూనీగలా.

"లాగవే! లాగు!" ఎవరో గొంతు చించుకుంటున్నారు. చూస్తే నేనే, తాడు కింద నుంచి దూరి ఇసుకలో పరుగెడుతున్నాను.

"వెనక్కి రావమ్మా!" వెనక ప్రోబర్ట్ కేకలు. "ఆ బీమా నీలాంటి వాళ్ళకే, అదీ తాడుకి ఇవతల ఉంటేనే! నువ్వు పడితే క్లబ్బు మునుగుతుంది!"

"మునగనీ!"

నెరిస్ జెండా దాటేసింది.